గేటు దగ్గర నిలిచిన గుర్రం

బాహూరు చెరువు కట్ట దిగువన మా చెల్లెలి వాళ్ల కొబ్బరితోట ఉంది. ఆ తోటకు ఒక ఇనుప గేటు. మొన్న నేను వెళ్లిన రోజే ఆ గేటు దగ్గర మా మేనల్లుడి మోకాలు చీరుకుపోయింది. వాడు నాలుగేళ్ల ఆడగుర్రం మీద తోటలోకి వస్తున్నాడు. గేటు సగం తెరుచుకోగానే అది ఒక్క ఉదుటున లోపలికి దూకింది. వాడి కాలు రాతి స్తంభానికి కొట్టుకుంది.

"మొండిది మావయ్యా, నాలుగు తగిలిస్తే గానీ దారికి రాదు" అన్నాడు.

సైన్యంలో గుర్రాల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. కొత్తలో నేనూ ఇదే మాట అన్నాను. దాని గుర్తుగా నా కుడి మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

దేశ రక్షణ గురించి రాసే చోట ఈ గుర్రం గొడవ ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. డ్రోన్ల కాలంలోనూ మన సైన్యం జంతువులను వదులుకోలేదు. జైపూర్‌లోని 61వ కావల్రీ, ఢిల్లీలోని రాష్ట్రపతి అంగరక్షక దళం ఇప్పటికీ గుర్రాల మీద కవాతు చేస్తున్నాయి. హిమాలయాల్లో రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి సరుకును పైకి మోసేది కంచరగాడిదలే. 1779లో పునాది పడిన రీమౌంట్, వెటర్నరీ కోర్ వీటిని పెంచి, మచ్చిక చేసి, దళాలకు అందిస్తోంది. హైదరాబాద్‌లో జనసందోహం మధ్య నిలబడే పోలీసు గుర్రాలను మీరు చూసే ఉంటారు. వీటన్నిటికీ ఇరుకు దారులు తప్పవు. కోట ద్వారం, వంతెన, బారికేడ్ల సందు, ఏదైనా సరే. అక్కడ బెదిరిన గుర్రం ముందుగా దెబ్బ తీసేది తన రౌతునే.

అసలు గుర్రం ఎందుకు బెదురుతుంది? అడవిలో అది వేటగాడు కాదు, వేటకు చిక్కే జంతువు. పారిపోవడమే దాని ఆయుధం. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది. కానీ సరిగ్గా ముక్కు ముందు కొంత, తోక వెనక కొంత కనిపించదు. గేటులోకి వెళ్లేటప్పుడు రెండు స్తంభాలూ పక్కలకు దగ్గరవుతాయి, పారిపోయే దారి మూసుకుపోతుంది. ఒక్కసారి గేటు ఊగి తొడకు తగిలిందా, ఆ దెబ్బను అది మరచిపోదు. తర్వాత ప్రతిసారీ త్వరగా దాటేయాలని చూస్తుంది. మనం దాన్ని పొగరు అంటాం. అది భయం.

అందుకే మా వాడిని మొదటి రెండు రోజులు జీను ఎక్కనివ్వలేదు. గేటును పూర్తిగా తెరిచి, తాడుతో కట్టేశాం, గాలికి ఊగకుండా. గుర్రాన్ని నడిపించుకుంటూ వెళ్లి గేటు ముందు ఆపాలి. తల దించి ఊపిరి వదిలేదాకా నిలబడాలి. రెండడుగులు వేయించి స్తంభాల మధ్య ఆపాలి. దాటాక మళ్లీ ఆపాలి. నిలబడగానే తాడు వదులు చేయాలి. ఆ వదులే దానికి బహుమానం. రెండు వైపుల నుంచీ ఇదే చేయాలి, ఇంటి వైపు మరీ ముఖ్యంగా. కొట్టం కనిపిస్తే ఏ గుర్రానికైనా తొందర ఎక్కువ.

మూడో రోజు జీను వేశాం. గేటుకు ఎదురుగా కాదు, గేటు పక్కన సమాంతరంగా ఆపమన్నాను. గొళ్లెం చప్పుడు చేయడం, ఆగడం. మళ్లీ చప్పుడు, ఆగడం. అది కదలకుండా నిలిస్తేనే గేటు తెరవాలి. ముందుకు ఉరికితే నోరు చిరిగేలా కళ్లెం గుంజకూడదు. చిన్న చుట్టు తిప్పి, మొదటి చోటికే తెచ్చి నిలపాలి. తొందరపడితే గేటు దాటడం కుదరదని, నిలబడితే కుదురుతుందని దానికి అర్థం కావాలి. గేటు ఒళ్లు దాటేదాకా రౌతు చేయి దాని మీదే ఉండాలి, వెనక్కి వచ్చి తొడకు తగలకుండా. రోజుకు పావుగంట చాలు. ప్రశాంతంగా దాటిన దగ్గరే ఆ రోజు పాఠం ముగించాలి.

నాలుగో రోజు మా వాడు విసుక్కున్నాడు. "ఇంత ఆగడమేనా మావయ్యా? పరిగెత్తడం ఎప్పుడు?"

వాడిని చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాను. 1752 ఆగస్టులో ఈ బాహూరు దగ్గరే ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీల సేనలు తలపడ్డాయి. తెల్లవారకముందే మేజర్ స్ట్రింజర్ లారెన్స్ ఫ్రెంచి శిబిరం మీద పడ్డాడు. బాయినెట్ల పోరులో ఫ్రెంచి వరుస చెదిరింది. డూప్లే మేనల్లుడు, సేనాని కెర్జాన్ బందీ అయ్యాడు. ఇంగ్లీషువారి పక్షాన నవాబు ఆశ్వికదళం ఉంది. పారిపోయేవారిని తరిమి పట్టుకోవడం దాని పని. ఆ రౌతులు దాన్ని వదిలేసి శిబిరం దోచుకోవడానికి పరుగెత్తారు. ఫ్రెంచి సైనికులు చాలామంది తప్పించుకున్నారు.

ఆ గుర్రాలకు వేగం లేక కాదు. చెప్పిన చోట నిలబడి, చెప్పినప్పుడు కదలడం ఆ దళానికి అలవాటు కాలేదు. 1918 సెప్టెంబరు 23న హైఫాలో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు మరఫిరంగుల కాల్పుల మధ్య కొండకూ నదికీ నడుమ ఇరుకు దారిలో దూసుకెళ్లి పట్టణాన్ని పట్టుకున్నారు. ఆ రెండు దళాలతో పాటు మన హైదరాబాద్ లాన్సర్లూ అదే బ్రిగేడ్‌లోని వారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే. అంతటి ఇరుకులో గుర్రం రౌతు మాట విన్నదంటే దాని వెనక ఎన్నో నెలల ఓపిక ఉంటుంది.

నేను బయలుదేరే రోజు పొద్దున మా వాడు గేటు పక్కన గుర్రాన్ని ఆపాడు. పగ్గాలు వదులుగా ఉన్నాయి. గొళ్లెం తీశాడు. అప్పుడే రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. గుర్రం ఒక చెవి అటు తిప్పింది, కాళ్లు కదపలేదు. వాడు మెడ నిమిరి, గేటు తోసి, నడక మీదే లోపలికి వచ్చాడు. వెనక్కి తిరిగి గేటు వేశాడు.

మోకాలి కట్టు మాత్రం ఇంకా విప్పలేదు.