మంచి మేనేజర్ అంటే ఎవరు? బొగ్గుబాయి చెప్పే జవాబు

మేనేజర్ అనగానే ఏసీ గది, కంప్యూటర్, ఫైళ్లు గుర్తొస్తాయి. రామగిరి, గోదావరిఖని ప్రాంతంలోని సింగరేణి గనుల్లో మాత్రం మేనేజర్ పనితనం భూమి అడుగున తేలుతుంది.

చట్టం ప్రకారం ప్రతి గనికీ తగిన అర్హత ఉన్న ఒకే మేనేజర్ ఉండాలి. గని నిర్వహణ, పర్యవేక్షణ జిమ్మేదారి ఆయనదే. కానీ ఒక్క మనిషి మూడు షిఫ్టుల్లో అన్ని చోట్లా ఉండలేడు కదా! పైకప్పు సప్పుడు చేస్తోందని, నీటి ఊట పెరిగిందని ముందుగా తెలిసేది అక్కడ పనిచేసే కార్మికుడికే. ఆ మాట సర్దార్‌కు, ఓవర్‌మన్‌కు, వారి ద్వారా మేనేజర్‌కు చేరాలి. 'చెప్తే సారు కోపానికొస్తడు, మనకెందుకు' అని మధ్యలో ఒక్కరు అనుకున్నా ఖబర్ అక్కడే ఆగిపోతుంది.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. గనిలో ముప్పు ముంచుకొచ్చాక ఆలోచించుకునే టైం ఉండదు. అందుకే చెడు కబురు తెచ్చినవాణ్ని కసురుకోకుండా వినడం మేనేజర్‌కు ఉండాల్సిన మొదటి గుణం.

రెండోది, లెక్క దాచకపోవడం. నష్టాలతో సింగరేణి 1990లలో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. ప్రభుత్వాల ఆర్థిక ఊరటతో పాటు కార్మికుల సహకారం కూడా తోడైతేనే అది మళ్లీ నిలబడింది. 1998లో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. దాంతో కార్మికుల తరఫున మాట్లాడేదెవరో తేలింది. ఆ తర్వాత లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడమూ మొదలైంది.

అయితే వాటా ఇస్తే సరిపోదు, విడమరిచి చెప్పాలి. 2023-24లో కంపెనీ లాభం రూ.4,701 కోట్లు. కార్మికుల వాటా 33 శాతం అన్నారు. కానీ విస్తరణ పనులకు తీసిపెట్టగా మిగిలిన రూ.2,412 కోట్ల మీదే ఆ శాతం లెక్కగట్టారు. అలా వచ్చింది రూ.796 కోట్లు. మొత్తం లాభం మీద ఎందుకు ఇవ్వరని కార్మిక సంఘాలు అడిగాయి. ఇలాంటి ప్రశ్నకు జవాబు పుకారు కంటే ముందే కార్మికుడికి అందాలి. లేదంటే డబ్బు ఇచ్చి కూడా నమ్మకం పోగొట్టుకోవాల్సి వస్తుంది.

పదిమంది పనిచేసే దుకాణానికైనా ఇదే సూత్రం. కింది మాట పైకి రావాలి, పై లెక్క కిందికి తెలియాలి. ఈ రెండు దారులూ తెరిచి ఉంచేవాడే సమర్థుడైన మేనేజర్.