గురక, నిద్రలో ఊపిరి ఆగడం: నోటిలో పెట్టుకునే పరికరం ఎవరికి, ఎంతవరకు?

గురక పెట్టేవారికి తమ గురక వినపడదు. వినేది పక్కన పడుకున్న భార్య లేదా భర్త, అవతలి గదిలో ఉన్న పిల్లలు. అందుకే ఈ వ్యాసాన్ని రోగికంటే ముందుగా ఇంట్లోవారి కోసం వ్రాస్తున్నాము. "మా ఇంటాయనకు గురక ఎక్కువండీ. పళ్ళ డాక్టరు దగ్గర ఏదో సెట్టు చేయించి రాత్రిపూట పెట్టుకుంటే తగ్గుతుందట, నిజమేనా?" అని అడిగేవారు ఉన్నారు. నిజమే. అయితే అది అందరికీ పనికిరాదు. పనికి వచ్చినవారిలో కూడా గురక తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గిందని అనుకోవడానికి వీలులేదు. ఈ రెండవ సంగతి తెలియక చాలా కుటుంబాలు మధ్యలోనే నిశ్చింతగా ఉండిపోతున్నాయి.

గురక వేరు, ఊపిరి ఆగడం వేరు

నిద్రలో ఒంట్లోని కండరాలు వదులవుతాయి. గొంతు, నాలుక కూడా అంతే. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక వెనక్కు జారి గాలి దారిని ఇరుకు చేస్తుంది. ఆ ఇరుకులోంచి గాలి పోయేటప్పుడు మెత్తని అంగిలి, కొండనాలుక అదిరి వచ్చే చప్పుడే గురక. జలుబు చేసినప్పుడో, బాగా అలసిపోయినప్పుడో వచ్చే గురకకు భయపడనవసరం లేదు.

కొందరిలో మాత్రం ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట ఎగిసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు మెదడు మనిషిని కొద్దిగా లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, మళ్ళీ నిద్ర. తెల్లవారి అడిగితే ఆయనకు ఏమీ గుర్తుండదు. దీనినే స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే ఒకసారిగా లెక్క. ఊపిరి పూర్తిగా ఆగినవి, బాగా తగ్గినవి కలిపి గంటకు 5 నుండి 15 సార్లు ఉంటే తక్కువ స్థాయి, 15 నుండి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తీవ్రం అంటే సగటున రెండు నిమిషాలకు ఒకసారికంటే ఎక్కువే.

కాబట్టి మీరు చెవిపెట్టి వినవలసింది గురకను కాదు, గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని. గట్టిగా గురక, ఉన్నట్టుండి ఏ చప్పుడూ లేకపోవడం, ఆ తరువాత ఉక్కిరిబిక్కిరై ఊపిరి తీసుకోవడం, ఈ వరుస కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. సెల్‌ఫోనులో అయిదు నిమిషాలు వీడియో తీసి తెస్తే ఇంకా మంచిది. ఉదయం తలనొప్పి, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మందులకు లొంగని రక్తపోటు, పగటిపూట కునికిపాట్లు కూడా గుర్తుంచుకోండి. అపొస్తలుల కార్యములలో ఐతుకు అనే యువకుడు పౌలు ప్రసంగం వింటూ నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిపోయాడని చదువుతాము. పాపం, అతనిది నడిరాత్రి నిద్ర, దానికి కారణం వెతకనక్కరలేదు. రాత్రంతా పడుకుని లేచి కూడా పగటివేళ కూర్చున్నచోటే నిద్రపోయేవారి సంగతి వేరు. అలాంటివారు లారీనో ఆటోనో నడుపుతుంటే వారి ప్రాణంతోపాటు ఎదుటివారి ప్రాణం కూడా ప్రమాదంలో ఉన్నట్లే. చికిత్స కుదిరే వరకు స్టీరింగు పట్టనివ్వకండి.

పరికరం ఏమి చేస్తుంది?

ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టరు చేసే ఒక పని చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. మత్తులో ఉన్న రోగికి నాలుక వెనక్కు పడి ఊపిరి అడ్డగిస్తే డాక్టరు రెండు చేతులతో కింది దవడను పైకి, ముందుకు ఎత్తి పట్టుకుంటారు. దవడతోపాటు నాలుక ముందుకు వస్తుంది, గాలి దారి తెరుచుకుంటుంది. నోటిలో పెట్టుకునే పరికరం ఇదే పనిని రాత్రంతా చేస్తుంది. పై పళ్ళకు ఒకటి, కింది పళ్ళకు ఒకటి తొడుగులు ఉంటాయి. రెంటినీ కలిపే ఏర్పాటు కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలిపి ఉంచుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. చిన్న దవడతో పుట్టి, నాలుక వెనక్కు జారి ఊపిరాడని పిల్లల కోసం ఫ్రాన్సుకు చెందిన పియర్ రాబిన్ అనే వైద్యుడు 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలోనే దవడను ముందుకు తెచ్చే పరికరం గురించి వ్రాశారు. నాలుకను మెత్తని బుడగలాంటి దానిలోకి పీల్చి ముందుకు పట్టి ఉంచే మరో రకం గురించి 1982లో అమెరికాలో కార్ట్‌రైట్, శామెల్సన్ ప్రచురించారు. పళ్ళు లేనివారికి తొడుగులు నిలవవు గనుక ఈ రెండవ రకం కొన్నిసార్లు ఉపయోగపడుతుంది. కాని నాలుక నొప్పి వలన దీన్ని మానేసేవారు ఎక్కువ.

ముందు పరీక్ష, ఆ తరువాతే పళ్ళ డాక్టరు

ఇక్కడ చాలామంది వరుస తప్పుతారు. పరికరం చేసేది దంతవైద్యుడే అయినా జబ్బు ఉందో లేదో, ఎంత ఉందో తేల్చేది నిద్ర పరీక్ష. రాత్రి నిద్రలో తలకు, ఛాతీకి, వేలికి తీగలు అమర్చి ఊపిరి, ఆక్సిజన్, గుండె లయ నమోదు చేస్తారు. కొందరికి చిన్న పరికరంతో ఇంటి దగ్గరే చేయవచ్చు. ఈ పరీక్ష లేకుండా నేరుగా పరికరం చేయించుకోవడం, రక్తపోటు చూడకుండా మాత్రలు వేసుకోవడంలాంటిది.

నిద్ర వైద్యులు, దంతవైద్యుల అమెరికా సంఘాలు కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల సారం ఇది. ఆప్నియా లేని గురకకు చికిత్స కావాలనుకునే పెద్దలకు ఈ పరికరం ఇవ్వవచ్చు. ఆప్నియా ఉన్నవారిలో సీప్యాప్ యంత్రాన్ని భరించలేనివారికి, లేదా వేరే మార్గం కోరేవారికి ఇవ్వవచ్చు. అది రోగి పళ్ళ అచ్చు తీసి చేసినదై, దవడను ఎంత ముందుకు తేవాలో మార్చుకునే వీలున్నదై ఉండాలి. వేడినీటిలో ముంచి కొరికి సరిచేసుకునే రెడీమేడ్ రకాలు చౌకగా దొరుకుతాయి. అవి సరిగా పట్టవు, రాత్రి ఊడిపోతాయి. వాటితో ఫలితం రాలేదని ఈ వైద్యమే పనికిరాదని అనుకోకండి.

సీప్యాప్‌కు బదులుగా సరిపోతుందా?

ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్‌ను ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివన్ బృందం 1981లో ప్రకటించింది. ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో నేటికీ దానిదే పైచేయి. అయితే యంత్రం మంచిదైనా మంచం పక్కన మూలన పడి ఉంటే లాభం లేదు. అదే సిడ్నీలో 126 మందికి రెండు చికిత్సలూ ఒక్కొక్క నెల చొప్పున ఇచ్చి చూసిన పరిశోధన 2013లో వెలువడింది. సీప్యాప్ ఊపిరి ఆగడాన్ని ఎక్కువగా తగ్గించింది. కాని రోగులు చెప్పినదాని ప్రకారం దాన్ని రాత్రికి సుమారు అయిదు గంటలు వాడితే, నోటి పరికరాన్ని ఆరున్నర గంటలు వాడారు. పగటి నిద్రమత్తు తగ్గడంలో రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. అది ఒక్క నెల వాడకం మాత్రమేనని కూడా గుర్తుంచుకోవాలి.

నోటి పరికరానికి కరెంటు అక్కరలేదు, చప్పుడు లేదు, ప్రయాణంలో జేబులో పట్టుకెళ్ళవచ్చు. రాత్రిళ్ళు కరెంటు పోయే ఊళ్ళలో ఇది చిన్న విషయమేమీ కాదు. అయినా తీవ్రమైన ఆప్నియా ఉన్నవారికి, ఆక్సిజన్ బాగా పడిపోయేవారికి మొదట సీప్యాప్‌నే ప్రయత్నించాలి. ఇప్పటికే సీప్యాప్ వాడుతున్నవారు డాక్టరును అడగకుండా దాన్ని ఆపి పరికరానికి మారకూడదు.

కొందరికి పరికరం అసలు కుదరదు. వదులైన పళ్ళు, చీము కారే చిగుళ్ళు ఉంటే ముందు వాటికి వైద్యం జరగాలి. పై వరుసలో, కింది వరుసలో గట్టి పళ్ళు తగినన్ని లేకపోతే తొడుగు నిలవదు. దవడ కీలు నొప్పి ఉన్నవారి సంగతి జాగ్రత్తగా చూడాలి. మన ప్రాంతంలో ఇంకొకటి ఉంది. ఏళ్ళ తరబడి వక్క, గుట్కా నమిలి నోరు బిగుసుకుపోయి రెండు వేళ్ళు కూడా పట్టనివారికి అచ్చు తీయడమే కష్టం. పైగా ఆ బిగుసుకుపోవడం క్యాన్సరుకు దారితీయవచ్చు గనుక గురక సంగతి తరువాత, ముందు నోరు చూపించాలి. గుండె బలహీనత వంటి కారణాలతో మెదడు నుండే ఊపిరి సంకేతం ఆగే మరో రకం ఆప్నియా ఉంది, దానికి ఈ పరికరంతో ఉపయోగం లేదు. పిల్లల గురకకు ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్ కారణం, వారిని చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించండి.

గురక ఆగిన తరువాత చేయవలసింది

పరికరం ఇచ్చిన రోజే దవడను పూర్తిగా ముందుకు లాగరు. కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా జరుపుతారు. ఈలోగా గురక తగ్గుతుంది, ఇంట్లో అందరికీ నిద్ర పడుతుంది, ఇక డాక్టరు దగ్గరకు వెళ్ళడం ఎందుకని ఆగిపోతారు. ప్రమాదం ఇక్కడే ఉంది. ఉదాహరణకు గంటకు 40 సార్లు ఊపిరి ఆగే మనిషికి అది 20కి తగ్గిందనుకోండి. చప్పుడు చాలావరకు పోతుంది, కాని 20 అంటే ఇంకా మధ్యస్థ జబ్బే. ఇంట్లో వినపడేది ఏమీ ఉండదు. లోపల ఆక్సిజన్ పడిపోవడం, రక్తపోటు పెరగడం, గుండె మీద భారం కొనసాగుతూనే ఉంటాయి. పరికరం వాడినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి ఆప్నియా దాదాపు పూర్తిగా పోతుంది. ఇంచుమించు అంతేమందికి చెప్పుకోదగ్గ ఫలితం ఉండదు. మీవారు ఏ కోవలో ఉన్నారో పరికరం నోటిలో ఉండగా మళ్ళీ నిద్ర పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఈ రెండవ పరీక్ష ఖర్చును దండగ అనుకోకండి.

మొదటి రోజుల్లో నోరూరుతుంది, లేదా ఎండిపోతుంది. ఉదయం దవడ పట్టేసినట్లు, పళ్ళు సరిగా కలవనట్లు ఉంటుంది. ఇది సాధారణంగా కొద్దిసేపట్లో సర్దుకుంటుంది, దానికి డాక్టరు చిన్న వ్యాయామాలు నేర్పుతారు. ఏళ్ళ తరబడి వాడితే ముందు పళ్ళు కొద్దిగా జరిగి కొరుకు మారవచ్చు. అందుకని మొదట్లో తరచుగా, ఆ తరువాత కనీసం ఏడాదికోసారి చూపించుకోవాలి. పరికరం ఉంది కదా అని బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం వదిలేయకూడదు. నిద్రమాత్రలు డాక్టరు చెప్పనిదే వేసుకోవద్దు.

ప్రతి ఉదయం పరికరాన్ని చల్లటి నీటితో, మెత్తని బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి డబ్బాలో పెట్టండి. వేడినీటిలో వేస్తే వంకరపోతుంది. టూత్‌పేస్టుతో తోమితే గీతలు పడతాయి. కుక్కలకు ఇది మహా ఇష్టం, అందేచోట పెట్టకండి. పన్ను తీయించుకున్నా, కొత్తగా తొడుగు వేయించుకున్నా పరికరం మళ్ళీ పట్టకపోవచ్చు గనుక దాన్ని వెంట తీసుకెళ్ళండి.

ఏ జబ్బుకైనా ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరితే, రోగికి స్లీప్ ఆప్నియా ఉన్న సంగతి మత్తు డాక్టరుకు ముందుగానే చెప్పాలి. మత్తు, నొప్పి మందుల ప్రభావంలో గొంతు మామూలుకంటే తొందరగా మూసుకుపోతుంది. పరికరాన్ని డబ్బాతో సహా తెచ్చి, దానిపై రోగి పేరు వ్రాసి వార్డు సిస్టరుకు చూపించండి. థియేటరులోకి తీసుకెళ్ళే ముందు నోటిలోంచి తీసివేయాలి. ఆ తరువాత ఏ రాత్రి నుండి మళ్ళీ పెట్టుకోవచ్చో డాక్టరునే అడగండి.