కుండీలో చైనా నారింజ

నిమ్మచెట్టు నాటవలెనన్న ఎవరికైనను మొదట స్ఫురించునది పెరడు. భూపాలపల్లి సమీపమున నున్న చెల్పూరు విద్యుత్కేంద్రము నెలకొన్న ఊరు. అచ్చట క్వార్టర్లలోను, అద్దె వాటాలలోను కాపురముండువారికి డాబాయే పెరడు, కుండీయే పొలము. అట్టివారికి తగిన చెట్టు ఒకటి కలదు. నర్సరీలవారు దానిని చైనా ఆరెంజ్ అందురు. శాస్త్రగ్రంథములలో దాని పేరు కాలమాండిన్. ఫిలిప్పీన్సు దేశీయులు కాలమాన్సీ యని పిలిచి, మనము నిమ్మకాయను వాడునట్లే నిత్యము వంటలో వాడుదురు.

ఇది కుమ్‌క్వాట్, కమలా జాతుల కలయికవలన పుట్టిన సంకరము. కుమ్‌క్వాట్‌ను 1846లో రాబర్ట్ ఫార్చ్యూన్ అను వృక్షాన్వేషకుడు చైనానుండి లండనుకు చేర్చెను. తల్లిదండ్రుల గుణములు రెండును ఈ చెట్టులో కనబడును. పండు చిన్న ఉసిరికాయకు కొంచెము పెద్దది. తొక్క తీపి, లోపలి రసము పులుపు. తొక్కతోనే తినవచ్చును. నేలలో నాటినచో పది అడుగులకు మించి పెరుగగల ఈ చెట్టు, కుండీలో వేళ్ళకు చోటు చాలక మూడు నాలుగు అడుగులకే నిలిచిపోవును. అయినను కాపు మానదు. ఏడాదిలో పలుమారులు పూయుటచే పువ్వు, పిందె, పండు ఒకే కొమ్మపై కానవచ్చును.

నిమ్మను విడిచి దీనిని పెంచుట యెందుకని అడుగవచ్చును. మన నిమ్మకు వానకాలమున గజ్జితెగులు ప్రబల శత్రువు. ఆకులపైన, కాయలపైన గోధుమరంగు పొక్కులు లేచి కాయ చూపునకు పనికిరాకుండ పోవును. చైనా నారింజ ఆ తెగులును చాలవరకు తట్టుకొనును. మందుపిచికారి చేయుటకు వీలులేని డాబాలపై ఇది చిన్న మేలు కాదు.

మా మొదటి చెట్టును మేమే పోగొట్టుకొంటిమి. ఆ కథ చెప్పినచో శ్రోతలకు కొంత ఉపకరించును. ఒక నర్సరీలో అంటుమొక్కను కొని తెచ్చితిమి. రెండవ వానకాలమున అది అమాంతముగా ఏపుగా లేచెను. నిడుపైన రెమ్మలు, పెద్ద ఆకులు, పొడుగాటి ముండ్లు! మా సంతోషమునకు మేర లేదు. కాని ఏడాది గడచినను ఒక్క పువ్వు లేదు. నల్లగొండ జిల్లాలో బత్తాయితోట పెంచిన పెద్దాయన ఒకరు మా యింటికి వచ్చి, మొదలువద్ద వంగి చూచి, “ఇది మీరు కొన్న చెట్టు కాదయ్యా, దాని కింది చెట్టు” అనిరి.

సంగతి యేమనగా, బత్తాయి, నారింజ మొక్కలను సాధారణముగా జంబేరి, రంగపూరు నిమ్మ వంటి మొండిజాతుల వేరుమూలముపై అంటుకట్టుదురు. క్రింది జాతి వేరు నిచ్చును; పై జాతి పండు నిచ్చును. అంటు అతుకునకు దిగువ మొలచిన రెమ్మ వేరుమూలమునకు చెందినదే. దానిని విడిచిపెట్టినచో వేళ్ళు తెచ్చిన సారమంతయు తానే లాగికొని పైకొమ్మను ఎండగట్టును. మేము మురిసినది ఆ దోపిడిని చూచియే. నాటినుండి అతుకునకు దిగువ కనబడిన ప్రతి చిగురును లేతదశలోనే గోటితో గిల్లివేయుచున్నాము. నాటునపుడు ఆ అతుకు మట్టిలో పూడరాదు. కొనునపుడు గాలిఅంటు మొక్క దొరికిన మరియు మేలు. అది తన వేరుమీదనే నిలుచును గనుక ఈ బెడద లేదు.

ఇక కుండీ. మొదట పన్నెండంగుళములది, రెండేండ్ల పిదప పదునెనిమిదంగుళములది చాలును. అడుగున రంధ్రములు విధిగా ఉండవలెను. ఎర్రమన్ను రెండుపాళ్ళు, బాగుగ మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపి, పిడికెడు వేపపిండి చేర్చవలెను. పొయ్యి బూడిదగాని, బొగ్గు బూడిదగాని పోయరాదు. నిమ్మజాతికి ఇంచుక పుల్లని మట్టి హితము. బూడిదలోని క్షారము దానిని చెరచును. బోరునీటిలోని సున్నము సయితము అదే పని చేయును. మట్టిలో ఇనుము ఉండియు వేళ్ళకు అందకపోవును. అపుడు లేతాకు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. ఈ లక్షణము కనబడినచో మరింత ఎరువు వేయుట తప్పు. వాననీరు పట్టి పోయవలెను; సూక్ష్మధాతువుల మిశ్రమమును పొట్లముపై తెలిపిన మోతాదులో ఆకులపై చల్లవలెను.

నీరు పోయుటకు గడియారము ప్రమాణము కాదు, వ్రేలు ప్రమాణము. రెండంగుళముల లోతున మట్టి పొడిగా తగిలినపుడే క్రిందినుండి కారువరకు పోయవలెను. నిత్యము తడిసియున్న మొదలునుండి బంక కారి చెట్టు కుళ్ళును. వేసవిలో విషయము వేరు. ఎండ 44 డిగ్రీలు దాటు రోజులలో డాబాపై కుండీగోడ నిప్పువలె కాగి, దాని నంటియున్న వేళ్ళు ఉడికిపోవును. పైన ఆకు వాడుట చూచి మధ్యాహ్నము నీళ్ళు పోయువారు కలరు. ఎండకు కాగిన గొట్టపునీరు మరింత హాని చేయును. కుండీకి తడిగోనెపట్టా చుట్టి, ఇటుకలపై నిలిపి, పడమటి ఎండ తగులని చోటికి మార్చి, ఉదయమే నీరు పోయవలెను.

పురుగులలో రెంటిని గమనింపవలెను. లేతాకులపై వంకరటింకర తెల్లచారలు గీయునది పాముపొడ. పక్షిరెట్ట వలె కనబడి, పిదప పచ్చగా మారి ఆకులు కొరుకునది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. దీనిని చేతితో ఏరివేయుటయే ఉత్తమము. కరివేప, మారేడు, వెలగ నిమ్మకు దాయాదులు. ఆ గొంగళికి కరివేపాకు కూడ ఇష్టమే. కావున రెండు కుండీలను ప్రక్కప్రక్కన ఉంచకుండుట మంచిది.

చివరగా ఒక సందేహము. పండు ఎర్రబడలేదని కొందరు నెలలతరబడి కోయక వేచియుందురు. నిమ్మజాతి తొక్కకు నారింజవన్నె తెచ్చునది రాత్రిచలి. మన బత్తాయి పండియు పచ్చగా ఉండుటకు కారణము ఇదియే. చలికాలమున చైనా నారింజ బంగారువన్నె తిరుగును. వేసవికాపు పచ్చగానే పండవచ్చును. వ్రేళ్ళతో నొక్కిన మెత్తగా తగిలెనా, కోయుడు.

మా రెండవ చెట్టు ఇపుడు నాలుగేండ్లది. నిరుడు ఉగాదిపచ్చడిలోని పులుపునకు చింతపండుతోబాటు దాని పండ్లు రెండు పిండుకొంటిమి. వాటాయింట కాపురముండువారు ఇల్లు మారునపుడు పెరటిచెట్టును వెంట తీసికొనిపోలేరు. ఈ చెట్టు మాతో రెండిండ్లు మారినది.