మళ్లీ తోలుపట్టీ ఎక్కిన ఉస్తర

నిజామాబాద్: తెల్లవారి ఆరు గంటలు కొట్టకముందే ఆ ఇంటి వరండాలోంచి ఒక చప్పుడు వినిపిస్తుంది. కిటికీ ఊచకు తగిలించిన తోలుపట్టీ మీద కత్తి పోతూ వస్తూ చేసే చప్పుడది. పోయేటప్పుడు ఒక తీరు, వచ్చేటప్పుడు మరో తీరు. లెక్కపెట్టి అరవై సార్లు. ఆ తర్వాత చెంబుతో వేణ్నీళ్లు, సబ్బుగిన్నె, కుంచె, గోడకు చేరగిలబెట్టిన చిన్న అద్దం. ఆర్మూరు ప్రాంతంలోని ఆ పల్లెలో ఉంటున్న ఈ లెక్కల సారు ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయింది. నలభై ఏళ్లు మామూలు బ్లేడుతో, ఆ తర్వాత వాడి పారేసే ప్లాస్టిక్ రేజర్లతో ఐదు నిమిషాల్లో ముగించిన పనికి ఇప్పుడు అరగంట పెడుతున్నారు. ఇంట్లో వాళ్లు మొదట నవ్వారు. తర్వాత భయపడ్డారు. ఇప్పుడు అలవాటు పడిపోయారు.

ఉస్తర ఆయన తండ్రిది. ఇంటికి మరమ్మతు చేయిస్తుంటే పాత పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దొరికింది. కొమ్ము పిడి. జర్మనీలోని సోలింగెన్ ఊరి పేరు ముద్రించిన ఉక్కు. వీపు మందంగా, అంచు కాగితంలా. మధ్యలో రెండు పక్కలా లోపలికి గుంటగా చెక్కి ఉంది. అక్కడక్కడా తుప్పు మచ్చలున్నా అంచు చెక్కుచెదరలేదు. దాన్ని మళ్లీ వాడాలన్న కోరిక ఎందుకు పుట్టిందో సారు సరిగా చెప్పలేరు. చిన్నప్పుడు తండ్రి మెడ పైకెత్తి కూచుంటే ఇంటి నాయీబ్రాహ్మణుడు గొంతు మీద కత్తి నడిపించడం చూసి ఊపిరి బిగబట్టడం మాత్రం గుర్తుందంటారు.

కత్తి దొరికింది సరే, పదును పెట్టేవారేరి? ఊళ్లో ఒక్కరే మిగిలారు. డెబ్బై అయిదేళ్లు దాటిన పెద్దాయన. కొడుకుల్లో ఒకరు నిజామాబాద్‌లో సెలూన్ నడుపుతున్నారు, మరొకరు గల్ఫ్ వెళ్లారు. ఇద్దరికీ సానరాయి పట్టడం రాదు. రావలసిన అవసరమూ పడలేదు.

ఎందుకు పడలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఆయన, పదును పోతే పారేసే బ్లేడును 1903లో అమ్మకానికి పెట్టారు. ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడే రేజర్ల లెక్క తొంభై వేలు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు సర్కారే రేజర్లు ఇచ్చింది. యుద్ధం ముగిశాక వాళ్లు ఆ అలవాటును ఇళ్లకు పట్టుకుపోయారు. మన పల్లెలకు బ్లేడు నెమ్మదిగానే వచ్చింది. కానీ ఉస్తరను సెలూన్ల నుంచి పూర్తిగా వెళ్లగొట్టింది వేరే భయం. దేశంలో హెచ్ఐవీ 1986లో బయటపడింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో, ఒకరికి వాడిన కత్తి మరొకరికి వాడొద్దనీ, కొత్త బ్లేడు అడిగి వేయించుకోవాలనీ ఊరూరా చెప్పారు. అది సబబైన మాటే. నెత్తురు ద్వారా వ్యాపించే కామెర్ల రోగానికీ అదే మార్గం. దాంతో ఉస్తర ఆకారం మిగిలింది గానీ అందులోని ఉక్కు పోయింది. కాగితంలోనే బ్లేడును రెండుగా విరిచి, సగం ముక్కను పిడిలో దూర్చి గీయడం మొదలైంది. పని కాగానే ముక్క చెత్తబుట్టలోకి. పెద్దాయన కూడా ఆనాడే తన మూడు కత్తులకూ నూనె రాసి అటక మీద పెట్టేశారు.

కోనసముద్రం ఉక్కు

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోకుండా ముందుకు పోవడం జిల్లాకు అన్యాయం. విదేశీ ముద్ర ఉన్న కత్తిని చూసి అబ్బురపడే మనకు, కత్తులకు కావలసిన ఉక్కును ప్రపంచానికి పంపిన ఊరు ఈ జిల్లాలోనే ఉందని చాలామందికి తెలియదు. ఆ ఊరు కోనసముద్రం. మట్టి మూసల్లో ఇనుమును కాచి ఇక్కడ చేసిన ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. వాయిసీ అనే వైద్యుడు ఆ పనిని స్వయంగా చూసి రాసిన వివరం 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లీషులో 'వూట్జ్'గా మారిందంటారు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు, తన గడ్డం కత్తులూ వైద్యుల పనిముట్లూ భారతదేశపు వూట్జ్‌తో చేసినవనీ, యూరపులోని మేలైన ఉక్కు కన్నా దీన్నే తాను ఎంచుకున్నాననీ తన దుకాణం చీటీ మీద అచ్చు వేయించుకున్నాడు. ఆయనతో కలిసి ఈ ఉక్కు గుట్టు విప్పాలని 1819 నుంచి ప్రయోగాలు చేసిన కుర్రవాడు మైకేల్ ఫారడే. విద్యుత్తు విషయంలో ఆయన పేరు మోగింది ఆ తర్వాతే. సారు కత్తిలో ఉన్నది మాత్రం సోలింగెన్ ఉక్కే. మన ఉక్కు కొలుములు ఎన్నడో ఆరిపోయాయి.

నెల రోజుల శిష్యరికం

పెద్దాయన కత్తిని వెలుతురుకు ఎత్తి చూసి, పనికొస్తుందన్నారు. కానీ పదును పెట్టి చేతికిచ్చెయ్యలేదు. మొదట కొన్ని షరతులు పెట్టారు. పది రోజులు తోలుపట్టీ ఒక్కటే ఆడించాలి, ముఖం జోలికి పోకూడదు. ఆ తర్వాత పది రోజులు రెండు బుగ్గలు మాత్రమే. గడ్డం, పైపెదవి, గొంతు చివరికి.

సానరాయికీ తోలుకూ తేడా ఇంత కాలం తెలియలేదని సారు అంటారు. రాయి మీద అంచు ముందు నడుస్తుంది, పలచని పొరను కోస్తున్నట్టు. వీపూ అంచూ రెండూ రాయికి ఆనాలి. అందుకే వీపు అంత మందంగా చేస్తారు, కోణం తనంతట తానే కుదురుతుంది. తోలు మీద దీనికి పూర్తిగా తిరుగుడు: వీపు ముందు, అంచు వెనక. చివరికి రాగానే కత్తిని ఎత్తకుండా వీపు మీదే బోర్లించాలి. అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది, పదును పోతుంది. సారు మొదటి వారంలోనే పట్టీకి రెండు గాట్లు పెట్టారు. రాయి పని నెలలకొకసారి చాలు. తోలు పని రోజూ ఉండాలి.

గీయడంలో మెలకువ చేతి బలం కాదు, బలం లేకపోవడం. కత్తి వీపు చర్మానికి దాని మందానికి రెండింతల ఎత్తులో ఉండాలి. అంతకన్నా లేస్తే కోస్తుంది, పడుకుంటే వెంట్రుకను పీకుతుంది. రెండో చేయి చర్మాన్ని బిగించి పట్టాలి, అసలు పని ఆ చేతిదే. కత్తిని అడ్డంగా జరపడం మాత్రం ఎన్నడూ చేయరాదు. గొంతుముడి దగ్గర గుటక మింగి దాన్ని పక్కకు తప్పించి గీయాలి. అన్నిటికన్నా ముందు గడ్డం నానాలి. వేడి గుడ్డ అద్ది, కుంచెతో రెండు నిమిషాలు నురుగు రుద్దితే గరుకు వెంట్రుక మెత్తబడుతుంది. సెలూన్‌లో తొందర పడేది ఇక్కడేనని పెద్దాయన ఫిర్యాదు, కొడుకు సెలూన్‌తో సహా.

సుఖం ఎక్కడుందని అడిగితే సారు చెప్పేది ఆ చప్పుడు గురించి. పదునైన ఉక్కు నురుగు కింద నడుస్తుంటే ఎండుటాకు మీద చీమలు పోతున్నట్టు వినిపిస్తుందట. ఆ అరగంటా మనసు వేరే చోటికి పోలేదు. పోతే నెత్తురు వస్తుంది. చివర చన్నీళ్లు, తడిపిన పటిక ముక్క. పటిక మండితే ఎక్కడ గట్టిగా నొక్కారో తెలిసిపోతుందట. రేజర్లు కొనడం తప్పింది. ప్లాస్టిక్కూ ఉక్కూ కలిపి అతికిన ఆ చెత్త ఎవరూ ఏరుకోనిది, అదీ తప్పింది. అయితే కత్తిని తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పట్టేస్తుంది. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది కనుక కుట్టుమిషను నూనె ఒక చుక్క రాస్తున్నారు. మధుమేహం ఉన్నవారూ, నెత్తురు పలచబడే మందులు వాడేవారూ, చేయి వణికేవారూ దీని జోలికి పోకపోవడమే మంచిది. ఒక కత్తి ఒకరికే. ఇంట్లో అన్నదమ్ములైనా సరే.

ఇంగ్లీషు దేశాల్లో ఈ ముచ్చట కొన్నేళ్లుగా తిరిగి వచ్చింది. 2012లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'స్కైఫాల్'లో అలాంటి క్షవరం సన్నివేశం చూశాక అక్కడ ఈ కత్తులకు గిరాకీ పెరిగింది. పల్లెలో వచ్చిన మార్పు వేరు. పూర్వం పెద్దాయన సారు తండ్రికి గడ్డం గీయడానికి వచ్చి వాకిట్లో గొంతుక్కూచునేవారు. ఏడాది పొడవునా ఇంటిల్లిపాదికీ పని చేస్తే పంటల వేళ కల్లంలో గింజలు కొలిచేవారు. ఆ కొలతలో ఎప్పుడూ తక్కువే వచ్చేదని ఆయన ఇప్పటికీ మొహమాటం లేకుండా చెబుతారు. చదువుకునే రోజుల్లో సారు కూడా తనకన్నా పెద్దవాడైన ఆయన్ని పేరు పెట్టి ఏకవచనంలోనే పిలిచారు. ఇప్పుడు సారు ఆయన దుకాణానికి పోయి, బల్ల మీద పక్కన కూచుని, అన్నా అని పిలిచి పాఠం చెప్పించుకుంటున్నారు. కత్తి రాయి మీద పెట్టినందుకు పెద్దాయన రెండు క్షవరాల ఖరీదు తీసుకుంటారు. వద్దని ఒక్కసారీ అనలేదు. లెక్కపెట్టుకుని మరీ జేబులో వేసుకుంటారు.

సానరాయి మాత్రం అమ్మనన్నారు. ఆయన తాత నుంచి వచ్చిన రాయి అది. నడుమ అరిగి పల్లమైంది. గల్ఫ్ నుంచి చిన్నకొడుకు సెలవుకు వచ్చినప్పుడు ఒకసారి చూపించాలని ఉందట. వాడు నేర్చుకుంటే సరే, లేకుంటే అప్పుడు మాట్లాడదామని సారుకు చెప్పారు.

నెల గడిచాక మొదటిసారి ముఖమంతా తానే గీసుకుని సారు దుకాణానికి వెళ్లారు. పెద్దాయన ఏమీ అనకుండా వేళ్ల వెనక భాగంతో దవడ కింది నుంచి పైకి నిమిరి చూశారు. ఎడమ చెవి కింద ఇంకా మిగిలిందన్నారు.