ఈ-బుక్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు శాంపిల్ పేజీల్లో ఇవి చూసుకోండి

పుస్తకాల షాపులో ఎవరూ నేర్పనక్కర్లేదు. పుస్తకం చేతిలోకి తీసుకుంటారు, నాలుగు పేజీలు తిప్పుతారు, అచ్చు ఎలా ఉందో చూస్తారు, నచ్చకపోతే అక్కడే పెట్టేస్తారు. ఫోన్‌లో కొనే పుస్తకానికి ఆ వీలు తక్కువ. పైకి కనిపించేది అందమైన అట్ట ఒక్కటే. డబ్బు కట్టి తెరిచాక లోపల వంకరగా స్కాన్ చేసిన పేజీలు, ఒత్తులు ఊడిపోయిన తెలుగు, జబర్, జేర్ లేని అరబ్బీ బయటపడతాయి. వందో రెండొందలో కదా అని చాలామంది ఊరుకుంటారు. కానీ ఆ పుస్తకం డీఎస్సీకి చదువుతున్న అమ్మాయిదో, ఇంట్లో ఖురాన్ పాఠం నేర్చుకుంటున్న పిల్లాడిదో అయితే అది డబ్బుతో పోయే నష్టం కాదు.

కిండిల్, గూగుల్ ప్లే బుక్స్ లాంటి చోట్ల చాలా పుస్తకాలకు కొన్ని పేజీలు ఉచితంగా చదువుకునే సౌకర్యం ఉంది. శాంపిల్ అనే బటన్ అదే. చిక్కేమిటంటే శాంపిల్‌లో సగం అట్ట, అంకితం, ముందుమాటలకే పోతుంది. ముందుమాట ఎవరో పెద్దాయనతో శ్రద్ధగా రాయించి ఉంటారు కాబట్టి అది చూసి మోసపోవద్దు. విషయసూచికకు వెళ్లాలి, మొదటి అధ్యాయం కనీసం రెండు పేజీలు చదవాలి. విషయసూచికలో పేరు మీద నొక్కితే ఆ అధ్యాయానికి వెళ్తోందా లేదా చూడాలి. వెళ్లకపోతే నాలుగు వందల పేజీల పుస్తకంలో కావలసింది వెతుక్కోవడానికి వేళ్లు అరిగిపోతాయి.

తెలుగు పుస్తకానికి అసలు పరీక్ష ఇంకొకటి. మన పుస్తకాలు చాలా ఏళ్లు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ పద్ధతిలో కంప్యూటర్‌కి అది తెలుగు అని తెలియదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చుని ఉంటాయి, అంతే. కాగితం మీద అచ్చు వేయడానికి అది సరిపోయింది. ఫోన్‌కి కావలసింది యూనికోడ్. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ఒకసారి ప్రూఫు చూడకుండా అమ్మకానికి పెడితే ఒత్తు పక్క అక్షరానికి పోతుంది, రెండు మాటలు అతుక్కుపోతాయి. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి యంత్రంతో చదివించి తయారుచేసిన వాటిలో ఇంకో రకం తప్పులుంటాయి. ప, వ ఒకదానికొకటి మారిపోతాయి, అలాగే మ, య కూడా. థ, ధ సంగతి చెప్పనక్కర్లేదు.

దీన్ని కనిపెట్టడం తేలికే. శాంపిల్‌లో ఒక తెలుగు మాట మీద వేలు కాసేపు నొక్కి ఉంచాలి. మాట ఎంపికైతే, దాన్ని కాపీ చేసి వాట్సాప్ మెసేజ్‌లో అతికించి చూడాలి. అదే తెలుగు మాట వస్తే మంచి ఫైలే. పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తే పాత ఫాంటు. అసలు ఎంపికే కాకపోతే అది పేజీ ఫొటో. కాపీ చేయనివ్వని పుస్తకమైతే, పేజీలో కనిపిస్తున్న ఒక మాటను సెర్చ్‌లో టైపు చేస్తే చాలు. దొరకకపోతే విషయం అర్థమైనట్టే.

పేజీ ఫొటో అయినంత మాత్రాన పుస్తకం పనికిరానిదని కాదు. పెద్ద ట్యాబ్ ఉన్నవాళ్లు హాయిగా చదువుకోవచ్చు. కానీ చూపు తగ్గిన నానా కోసం అక్షరాలు పెద్దవి చేద్దామంటే కుదరదు. పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. గూగుల్ ప్లేలో పుస్తకం వివరాల దగ్గర ఫ్లోయింగ్ టెక్స్ట్ అని ఉంటే అక్షరాలు పెంచుకోవచ్చు, ఒరిజినల్ పేజెస్ అని మాత్రమే ఉంటే పేజీ ఉన్నది ఉన్నట్టే వస్తుంది. కిండిల్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2016 డిసెంబరులో అక్కడ భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు.

ఉర్దూకి ఇదే కథ ఇన్‌పేజ్‌తో నడిచింది. ఉర్దూ ఫైలు సరిగ్గా ఉన్నా అక్షరాలు నస్తాలీఖ్‌లో కాకుండా నస్ఖ్‌లో వస్తే పెద్దవాళ్లకు చదవడం ఇబ్బంది. ఉర్దూ సాహిత్యమైతే కొనే ముందు రేఖ్తా సైటులో ఒకసారి వెతకడం మంచిది. 2013లో మొదలైన ఆ సైటులో వేల పుస్తకాల స్కాన్లు ఉచితంగా చదవొచ్చు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది. గాలిబ్ 1869లో, ఇక్బాల్ 1938లో పోయారు. వాళ్ల మూల కవిత్వానికి ఎవరైనా ధర పెడితే ఆ ధర దేనికో అడగాలి. మంచి వ్యాఖ్యానమో కొత్త అనువాదమో ఉంటే ఇవ్వొచ్చు, ఉత్త స్కాన్‌కైతే ఎందుకు?

దీనీ పుస్తకాల్లో తప్పు దొర్లితే దాన్ని పిల్లలు అలాగే నేర్చేసుకుంటారు. అరబ్బీ ఉన్న ఈ-బుక్‌లో ఇరాబ్ రాలిపోవడం, అక్షరాలు విడివిడిగా పడటం, వరస తలకిందులవడం జరుగుతుంటాయి. దీనికి ఇంట్లోనే కొలబద్ద ఉంది. సూరా ఫాతిహా ఏడు ఆయతులూ ఇంటిల్లిపాదికీ కంఠస్థమే. పుస్తకంలోని ఫాతిహాను ఇంట్లో ఉన్న ముస్‌హఫ్‌తో అక్షరం అక్షరం పోల్చి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇక్కడి మదరసాల్లో ఎక్కువగా వాడే లిపి తీరు వేరు, మదీనా ముస్‌హఫ్ తీరు వేరు. రెండూ సరైనవే. కానీ ఒకటి చూసి నేర్చుకుంటున్న పిల్లాడి చేతిలో రెండోది పెడితే గుర్తుల దగ్గర తికమకపడతాడు. ఉస్తాద్ ఏది చెబుతున్నారో అదే తీసుకోవాలి. ఇక తెలుగు అక్షరాల్లో మాత్రమే రాసిన అరబ్బీ ఉంటుంది. ఐన్‌కీ అలిఫ్‌కీ తేడా చూపించే అక్షరం తెలుగులో లేదు, ఖాఫ్‌కీ కాఫ్‌కీ సరైన జోడీ లేదు. పక్కన అరబ్బీ మూలం లేని పుస్తకాన్ని వదిలేయడమే మేలు. అనువాదకుడి పేరు, ప్రచురణ సంస్థ పేరు లేని తర్జుమాను కూడా.

పరీక్షల పుస్తకాల్లో ఇంకో మోసం తేదీ. కొత్త అట్ట వేసి ఈ ఏడాది ఎడిషన్ అంటారు, లోపల సరుకు పాతదే ఉంటుంది. శాంపిల్‌లో తెలంగాణ జిల్లాలు 31 అని కనిపిస్తే అది 2019 ఫిబ్రవరికి ముందు రాసింది. ఇప్పుడు 33. చట్టాల అధ్యాయంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఊసే లేకుండా అంతా ఐపీసీయే ఉంటే దాన్ని నమ్మి పరీక్ష హాలుకు పోవద్దు. ఇక టెలిగ్రాంలో యాభై రూపాయలకు అమ్మే పీడీఎఫ్‌లు చాలావరకు దొంగ కాపీలే. పేజీలు తగ్గాయని అడగడానికి అక్కడ మనిషే ఉండడు.

కంప్యూటర్ చేత రాయించిన పుస్తకాల బెడద కూడా మొదలైంది. ఒక్కొక్కరు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదని 2023 సెప్టెంబరులో అమెజాన్ పరిమితి పెట్టాల్సి వచ్చిందంటే ఎంత వరదో ఊహించుకోవచ్చు. ఏఐతో రాసినవైతే తనకు చెప్పాలని కూడా అప్పుడే అంది. అయితే ఆ సమాచారం అమెజాన్‌కే పోతుంది తప్ప పుస్తకం పేజీలో కొనేవాళ్లకు కనిపించేలా పెట్టలేదు. తెలుగులో దీన్ని పట్టుకోవడానికి భాషే సాయం చేస్తుంది. ప్రతి వాక్యమూ 'చేయబడింది', 'ఇవ్వబడుతుంది' అంటూ నడుస్తుంటే, ఒకే మాట మూడు పేరాల్లో మూడు రకాలుగా తిరుగుతుంటే, ఒక్క ఊరి పేరూ ఒక్క ఉదాహరణా లేకుంటే అనుమానించాలి. మందులు, పిల్లల పెంపకం గురించిన పుస్తకాలకు ఇది మరీ ముఖ్యం.

రివ్యూల్లో ఐదు నక్షత్రాల పొగడ్తలకన్నా రెండు, మూడు నక్షత్రాలవాళ్లు ఏం రాశారో చదవాలి. అచ్చు పుస్తకానికి వచ్చిన మెచ్చుకోళ్లు ఈ-బుక్ కింద కూడా కనిపిస్తాయి కాబట్టి ఎవరు దేని గురించి రాశారో గమనించాలి.

కొన్నాక నచ్చకపోతే ఆలస్యం చేయకూడదు. గూగుల్ ప్లేలో సాధారణంగా ఏడు రోజుల్లోపు వాపసు అడగొచ్చు. ఇంకో సంగతి, ఈ-బుక్‌కి కట్టే డబ్బు చాలాసార్లు చదువుకునే అనుమతికే. హక్కులు లేనివాళ్లు అమ్మారని తెలిసి 2009లో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను కొన్నవాళ్ల కిండిళ్లలోంచి తీసేసి డబ్బు తిరిగిచ్చింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ దుకాణం మూసేసినప్పుడు కూడా డబ్బు వచ్చింది గానీ పుస్తకాలు పోయాయి. ఇంట్లో పదేళ్లు ఉంచి, ఒకరి తర్వాత ఒకరు చదవాల్సిన తఫ్సీర్, నిఘంటువు లాంటివి అచ్చులో దొరుకుతాయేమో ముందు బజారులో కనుక్కోవడం మేలు. ఒకసారి చదివి పక్కన పెట్టే నవలకు ఫోన్ చాలు.