మా ఊరి విమానం... ఉంటుందా, ఎగిరిపోతుందా?

కొవిడ్ కాలంలో పెద్ద పెద్ద విమానాశ్రయాలే బోసిపోయాయి. మరి రోజుకు ఒకటో రెండో విమానాలు దిగే చిన్న ఊళ్ల సంగతేంటి? చవక విమానాలనే నమ్ముకున్న కడప, కర్నూలు ఆ గండాన్ని ఎలా దాటాయి? మళ్లీ అలాంటి గండమే వస్తే తట్టుకుంటాయా?

హైదరాబాద్‌లో రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున కడప. బస్సయినా అంతే, ఒక రాత్రి నిద్ర పోయినట్టే. అదే విమానంలో అయితే... గంట! సీటు బెల్టు పెట్టుకుని, కిటికీలోంచి నల్లమల కొండలు చూస్తూ కూర్చుంటే కాసేపటికే కిందికి దిగిపోతుంది. ఆ గంట ప్రయాణం కోసం కడప దశాబ్దాలు ఎదురుచూసింది. తీరా వచ్చాక, ఒకసారి కాదు, రెండుసార్లు ఆ విమానం చేజారింది. రెండోసారి జారడం వెనక కరోనా కూడా ఉంది.

రన్‌వే ఉంది... విమానమే లేదు!

కడపలో విమానాలు దిగే చోటు స్వాతంత్య్రం వచ్చిన కొత్తలోనే ఏర్పడింది. కానీ టికెట్ కొని ఎక్కే విమానం మాత్రం రాలేదు. చివరికి రన్‌వే బాగుచేసి, టెర్మినల్ కట్టి 2015 జూన్ 7న విమానాశ్రయాన్ని ప్రారంభించారు. బెంగళూరుకు చెందిన ఎయిర్ పెగాసస్ అనే చిన్న సంస్థ విమానం నడిపింది. ఊరంతా సంబరపడింది. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. 2016 జులైలో ఆ సంస్థే ఎగరడం మానేసింది.

అప్పుడొచ్చింది ‘ఉడాన్’. హవాయి చెప్పులు వేసుకునే మామూలు మనిషి కూడా విమానం ఎక్కాలన్నది ఆ పథకం నినాదం. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని నరేంద్ర మోదీ సిమ్లా-దిల్లీ విమానానికి జెండా ఊపారు. అదే వేదిక మీది నుంచి వీడియో ద్వారా మరో రెండు రూట్లనూ ప్రారంభించారు. ఒకటి నాందేడ్-హైదరాబాద్. రెండోది మన కడప-హైదరాబాద్! అంటే దేశంలో ఉడాన్ మొట్టమొదటిరోజే కడపకు చోటు దక్కిందన్నమాట. నడిపింది హైదరాబాద్ సంస్థ ట్రూజెట్.

పథకం లెక్క తేలికే. 2017లో పథకం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి సగం సీట్లను రూ.2,500 లోపే అమ్మాలన్నది నిబంధన. దానివల్ల వచ్చే లోటును ప్రభుత్వం పూడుస్తుంది... మూడేళ్లపాటు. ఆ డబ్బు ఎక్కడిదీ అంటే, దిల్లీ-ముంబయి లాంటి రద్దీ రూట్లలో తిరిగే విమానాల నుంచి వసూలు చేసే రుసుము. అందులో అయిదో వంతు రాష్ట్రం వాటా. పైగా ల్యాండింగ్ ఛార్జీలుండవు, పార్కింగ్ ఛార్జీలుండవు, ఇంధనం మీద వ్యాట్ ఒక్క శాతమే. మూడేళ్లలో జనానికి విమానం అలవాటైతే ఆ తర్వాత రూటు తన కాళ్ల మీద తనే నిలబడుతుందన్నది ఆశ.

మూడేళ్లు... సరిగ్గా అక్కడే వచ్చిపడింది తంటా. 2017 ఏప్రిల్‌కు మూడేళ్లు కలిపితే ఎంత? 2020 ఏప్రిల్!

ఆగితే అప్పే!

చవక విమానం ఎందుకు చవకో తెలిస్తే, కరోనా దానికి ఎందుకంత చేటు చేసిందో అర్థమవుతుంది. విమానం దిగిన అరగంటలోపే మళ్లీ ఎగరాలి. రోజుకు వీలైనన్ని ట్రిప్పులు తిరగాలి. ఎక్కువగా ఒకే రకం విమానాలు వాడాలి. అప్పుడు పైలట్ల శిక్షణా, విడిభాగాల ఖర్చూ తగ్గుతాయి. ఊళ్లో షేర్ ఆటో సూత్రమే ఇక్కడా... తిరిగితేనే డబ్బులు. నేల మీద నిలబడ్డ ప్రతి గంటా నష్టమే.

చిన్న ఊళ్లకు తిరిగేది సాధారణంగా ఏటీఆర్ విమానం. రెండు పంకాలతో తిరిగే దాంట్లో డెబ్భై మంది పైచిలుకు పడతారు. పొడవాటి రన్‌వే అక్కర్లేదు, తక్కువ దూరాలకు ఇంధనమూ ఆదా. కానీ చాలావరకు అవి సంస్థల సొంతం కావు, అద్దెవి. ఆ అద్దె కట్టాల్సింది డాలర్లలో.

2020 మార్చి 25న దేశంలో మామూలు ప్రయాణికుల విమానాలన్నీ ఆగిపోయాయి. రెండు నెలలపాటు దేశం లోపల మామూలు ప్రయాణికుల సర్వీసు ఒక్కటి కూడా లేదు. మే 25న మళ్లీ మొదలైతే, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజు ఆలస్యంగా 26న ఎగిరాయి. అదీ మామూలు వేసవి సర్వీసుల్లో మూడో వంతే నడపాలన్న షరతుతో. ఆ పరిమితిని పెంచుతూ తగ్గిస్తూ పూర్తిగా ఎత్తేసింది 2021 అక్టోబరు 18న. 2019లో దేశం లోపల 14 కోట్లమందికి పైగా విమానాల్లో తిరిగారు. 2020లో? ఆరు కోట్ల చిల్లర!

పెద్ద సంస్థలే అల్లాడిపోయాయి. 2020-21లో ఒక్క ఇండిగో నష్టమే రూ.5,800 కోట్లు దాటింది. అయినా దాచుకున్న నిల్వలతో అది నెట్టుకొచ్చింది. గుప్పెడు విమానాలతో నడిచే ట్రూజెట్‌కు ఆ వెసులుబాటు ఎక్కడిది? కడపలో విమానం ఎక్కేవాళ్లలో అందరికీ హైదరాబాద్ గమ్యం కాదు. అక్కడ దిగి దిల్లీకో దుబాయ్‌కో పోయేవాళ్లూ ఉంటారు. ఆ పై విమానాలే తగ్గిపోతే కింది విమానం ఎలా నిండుతుంది? రద్దీ రూట్లు ఆగితే ఉడాన్‌కు డబ్బు అందించే రుసుమూ తగ్గిపోతుంది. చెరువు ఎండితే పిల్లకాలువకు నీరెక్కడిది?

ఇబ్బందులు పెరిగి పెరిగి 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ సేవలు నిలిచిపోయాయి.

కష్టకాలంలో పుట్టిన కర్నూలు

కడప అలా ఉంటే పక్కనే కర్నూలుది మరో కథ. ఓర్వకల్లు దగ్గర రాష్ట్ర ప్రభుత్వం కట్టిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్రారంభించారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మార్చి 28 నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖలకు ఇండిగో విమానాలు మొదలయ్యాయి.

తేదీ ఒకసారి చూడండి. ఏప్రిల్ రాగానే కరోనా రెండో ఉద్ధృతి! ఆసుపత్రుల్లో ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెడుతున్న రోజుల్లో ఆ విమానాశ్రయం నడక నేర్చుకుంది. అప్పుడే పుట్టిన బిడ్డను జడివానలో బయటికి తీసుకొచ్చినట్టయింది.

విమానం రాకపోయినా విమానాశ్రయం ఖర్చు మాత్రం ఆగదు. అగ్నిమాపక వాహనం సిద్ధంగా ఉండాలి. భద్రతా సిబ్బంది ఉండాలి. రన్‌వే మీద గడ్డి మొలవకూడదు, పశువులు రాకూడదు. రోజుకు పది విమానాలొచ్చినా ఒక్కటే వచ్చినా ఈ పనుల్లో పెద్దగా తేడా ఉండదు. వచ్చేది మాత్రం విమానాలను బట్టే!

నూటికి ఏడు!

ఈ బాధ కడప, కర్నూళ్లదే కాదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదికలో లెక్కలు చూస్తే గుండె జారుతుంది. ఉడాన్ మూడో విడత వరకూ కేటాయించిన రూట్లు 774. వాటిలో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో పూర్తిగా మూడేళ్లు నడిచినవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి దాకా నిలబడ్డవి 54 మాత్రమే. అంటే కేటాయించిన ప్రతి నూరు రూట్లలో ఏడు!

ఇందులో తప్పంతా కరోనాదే అనలేం. ఎయిర్ పెగాసస్ ఆగిపోయేనాటికి కరోనా పేరే ఎవరికీ తెలియదు. అప్పటికే ఉన్న బీటను మహమ్మారి పెద్దది చేసిందంతే.

బయటి దేశాల్లోనూ ఇదే వరస. బ్రిటన్‌లో చిన్న ఊళ్లను కలిపే ఫ్లైబీ అనే సంస్థ, అప్పటికే అప్పుల్లో ఉండి, కరోనా తొలిదెబ్బకే 2020 మార్చి 5న కుప్పకూలింది. సౌతాంప్టన్ విమానాశ్రయంలో అప్పటిదాకా తిరిగే విమానాల్లో అత్యధికం దానివే. రాత్రికి రాత్రే అక్కడి బోర్డులు ఖాళీ అయిపోయాయి.

అన్ని గుడ్లూ ఒకే బుట్టలో...

కడప అదృష్టమేంటంటే ఖాళీ ఎక్కువకాలం ఉండలేదు. ట్రూజెట్ ఆగిన రెండు నెలల్లోపే, 2022 మార్చి 27న ఇండిగో వచ్చింది. ఊరికే రాలేదు. నష్టం వస్తే భర్తీ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 2024 మార్చి 10న కొత్త టెర్మినల్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. కర్నూలు నుంచి విజయవాడకు 2025 జులై 2న విమానం మొదలైంది.

బాగానే ఉంది. కానీ రెండుచోట్లా భారం మోసింది ఒకే సంస్థ. 2025 డిసెంబరు మొదట్లో పైలట్ల డ్యూటీ నిబంధనలు మారి ఇండిగో సర్వీసులు వేలల్లో రద్దయినప్పుడు దేశమంతా అవస్థ పడింది. పెద్ద నగరాల్లో వాళ్లకు కనీసం మరో సంస్థ కౌంటర్ కనిపించింది. ఒకే సంస్థ ఉన్న ఊళ్లో ప్రయాణికుడు ఏం చేస్తాడు? సూట్‌కేసు పట్టుకుని బస్టాండుకు పోవడమే!

ఎవరికోసం ఈ విమానం?

డబ్బున్నవాళ్ల ముచ్చట కోసం ప్రభుత్వం సొమ్ము ఎందుకు పోయాలని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ఎక్కేవాళ్లెవరో చూడాలి. రాజంపేట, రాయచోటి ప్రాంతాల్లో కువైట్ వెళ్లినవాళ్లు లేని ఊరు వెతకాలి. ఇంట్లో పెద్దాయనకు సీరియస్ అని ఫోనొస్తే వాళ్లకు కావాల్సింది ఆదివారం విహారం కాదు, తొందరగా ఇల్లు చేరే దారి. హైదరాబాద్ ఆసుపత్రిలో చూపించుకుని సాయంత్రానికి తిరిగి రావాల్సిన పేషెంటుకు రాత్రి బస్సు కుదుపులు నరకం. ప్రొద్దుటూరు బంగారం, బట్టల వ్యాపారులకూ ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల ఇంజినీర్లకూ మిగిలే రోజు కూడా డబ్బే.

అయితే ఆ సాయం ఏటా టెండరు పిలిచి పంచే పందేరం కాకూడదు. ఈ పదేళ్ల అనుభవం చెప్పే పాఠాలు కొన్ని ఉన్నాయి. ఒకటి, సాయం ఆగే తేదీ ముందే తెలుసు కాబట్టి ఆ తర్వాత రూటు ఎలా నడుస్తుందో మొదటిరోజే ఆలోచించాలి. రెండు, విమానం వేళలు పెద్ద నగరంలో మరో విమానం అందుకునేలా ఉండాలి. వారానికి మూడురోజులొచ్చే విమానం ఎవరి అత్యవసరానికీ అక్కరకు రాదు. మూడు, ఒక సంస్థ చేతులెత్తేస్తే ఆ రూటు ఇంకొకరికి వెంటనే వెళ్లే ఏర్పాటుండాలి. మహమ్మారి లాంటి విపత్తు వచ్చినప్పుడు సాయం గడువు లెక్కలోంచి ఆగిపోయిన నెలల్ని తీసేయడం కూడా నిబంధనల్లోనే రాసుకోవాలి.

ఒక మాట మాత్రం నిజం. కొత్త టెర్మినల్ అద్దాలు ఎంత మెరిసినా జనం లెక్కపెట్టేది అద్దాలను కాదు. పొలంలో పనిచేస్తున్న రైతు మోత విని తలెత్తి చూస్తాడు. ఇంటి ముందు ఆడుకుంటున్న పిల్లలు ‘అదిగో మన విమానం’ అని కేకేస్తారు. ఆ ‘మన’ అన్న మాట రేపు కూడా వినపడాలంటే, ఆ విమానం రేపు కూడా రావాలి!