వినేవాళ్లకీ ఒక ఓటు!

రేడియో వినేవాడికి ఏపాటి హక్కుంటుంది చెప్పండి? మహా అయితే కోరిన పాట కోసం ఓ కార్డు ముక్క రాసుకోవచ్చు. అనౌన్సరు మన పేరూ, ఊరి పేరూ చదివితే ఆ వారమంతా వీధిలో మనమే హీరో! నేనూ అలా కార్డులు రాసినవాణ్నే. స్టేషన్‌ని ఎవరు నడపాలి, పద్దులు ఎవరు చూడాలి అని అడగొచ్చన్న ఊహ మాత్రం కలలో కూడా రాలేదు. అలా అడిగి, వీధికెక్కి, అరెస్టయి, కోర్టుకి వెళ్లి, చివరికి ఓటుహక్కు సాధించిన శ్రోతలున్నారు. వాళ్ల కథ మన సినిమాలకేమీ తీసిపోదు!

కథాస్థలం అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, బర్క్‌లీ పట్నం. యుద్ధం వద్దన్న శాంతివాది లూయిస్ హిల్ 1946లో పసిఫికా ఫౌండేషన్ స్థాపించాడు. 1949 ఏప్రిల్ 15న దాని మొదటి స్టేషన్ కె.పి.ఎఫ్.ఎ. గొంతు విప్పింది. సబ్బుల ప్రకటనలుండవు. వినేవాళ్లే చందాలు కట్టి నడుపుకోవాలి. ఊరికే వినబడేదానికి డబ్బెవరు కడతారండీ అంటారా? కట్టారు! 1977 నాటికి లాస్ ఏంజిలిస్, న్యూయార్క్, హ్యూస్టన్, వాషింగ్టన్‌లతో కలిపి అయిదు స్టేషన్లయ్యాయి. హ్యూస్టన్ స్టేషన్ ట్రాన్స్‌మిటర్‌ని మొదలెట్టిన 1970లోనే దుండగులు రెండుసార్లు బాంబులతో పేల్చారు. అయినా ఆగలేదు.

అన్నట్టు, సినిమా ప్రియులకో ముచ్చట. అమెరికాలో పేరు మోసిన సినిమా విమర్శకురాలు పాలీన్ కేల్ తొలినాళ్లలో సమీక్షలు చదివింది ఈ కె.పి.ఎఫ్.ఎ.లోనే, పైసా పుచ్చుకోకుండా! చివరికి స్టేషన్ పెద్దల్ని మైకు ముందే దులిపేసి బయటికొచ్చేసింది. అంటే పెద్దలతో తగాదా అక్కడ పాత సంప్రదాయమేనన్నమాట.

అసలు ముడి ఎక్కడ పడిందంటే... చందా కట్టే శ్రోతకి ఓటు లేదు. స్థానిక సలహా సంఘాల నుంచి కొందరు పై బోర్డులో కూర్చునేవారు. ఆ దారి కూడా 1999 ఫిబ్రవరిలో మూసుకుంది. ఇకపై బోర్డు సభ్యుల్ని బోర్డే ఎంచుకుంటుందన్నారు! ప్రభుత్వ గ్రాంటు నిబంధనల ప్రకారం సలహా సంఘం వేరు, పాలకవర్గం వేరుగా ఉండాలన్నది వాళ్ల వాదన. టిక్కెట్టు కొన్నంత మాత్రాన థియేటరు మనదవుతుందా అనే మాట లాంటిదే ఇది కూడా. కానీ థియేటరుకి యజమాని వేరే ఉంటాడు. ఇక్కడ స్టేషన్ భవనం సైతం శ్రోతల చందాలతో కట్టిందే. అందుకే నా మొగ్గు శ్రోతల వైపే.

ఆ మార్చి 31న మేనేజరు నికోల్ సవాయాకి కాంట్రాక్టు పొడిగించలేదు. సిబ్బందికీ శ్రోతలకీ ఆవిడంటే అభిమానం. ఆ సంగతి మైకులో మాట్లాడకూడదని హుకుం. మాట్లాడినవాళ్ల ఉద్యోగాలు పోయాయి. విచిత్రమేమిటంటే, అప్పటి బోర్డు అధ్యక్షురాలు మేరీ ఫ్రాన్సిస్ బెర్రీ అమెరికా పౌరహక్కుల కమిషన్‌కి కూడా అధ్యక్షురాలే!

జులైలో బాంబు పేలింది. బాంబంటే నిజం బాంబు కాదు లెండి, ఈమెయిలు. ఒక బోర్డు సభ్యుడు అధ్యక్షురాలికి రాసిన ఉత్తరం దారి తప్పి, బయటి సంస్థ చేతిలో పడింది. కె.పి.ఎఫ్.ఎ.ని గానీ న్యూయార్క్ స్టేషన్‌ని గానీ అమ్మే ఆలోచన గురించి అందులో ఉంది. 13వ తేదీ సాయంత్రం డెన్నిస్ బెర్న్‌స్టీన్ ఆ సంగతి తన కార్యక్రమంలో వినిపించాడు. అంతే, సెక్యూరిటీవాళ్లు అతణ్ని బయటికి పంపబోయారు. అతను కదలనన్నాడు. ఆ పెనుగులాట, ఆ కేకలు వార్తల మధ్యలో ఇళ్లలోని రేడియోల్లోకి వచ్చేశాయి! కాసేపటికి వార్తలు ఆగిపోయి పాత టేపులు మొదలయ్యాయి. విన్నవాళ్లు ఇళ్లలో ఉండగలరా? స్టేషన్‌కి పరుగెత్తారు. ఆ రాత్రి 50 మందికి పైగా అరెస్టయ్యారు.

తర్వాత మూడు వారాలు స్టేషన్‌కి తాళం. శ్రోతలు ఎదురుగా గుడారాలు వేసుకున్నారు. గాయని జోన్ బయెజ్ మద్దతుగా కచేరీ చేసింది. జులై 31న సుమారు 10 వేలమంది ఊరేగింపు తీశారు. ఓ రేడియో స్టేషన్ కోసం! ఆగస్టు మొదట్లో తలుపులు తెరుచుకున్నాయి.

తలుపులైతే తెరిచారు గానీ అధికారం బోర్డు దగ్గరే ఉంది. శ్రోతలు కోర్టుకెక్కారు. 2000 డిసెంబరులో న్యూయార్క్ స్టేషన్‌లో రాత్రికి రాత్రే తాళాలు మార్చి మేనేజర్ని తప్పించారు. మరుసటి ఏడు ఏమీ గుడ్‌మన్ తన ‘డెమొక్రసీ నౌ’ కార్యక్రమాన్ని అక్కణ్ణించి తరలించి, పాత ఫైర్ స్టేషన్ భవనం నుంచి నడిపింది. చందాలు ఆపెయ్యమని ప్రచారం సాగింది. చివరికి 2001 డిసెంబరులో రాజీ కుదిరింది. 2003లో కొత్త నిబంధనలొచ్చాయి.

ఏడాదికి 25 డాలర్లు కట్టినా, కట్టలేనివాళ్లు మూడు గంటలు స్టేషన్ పని చేసిపెట్టినా ఓటు వస్తుంది. ఒక్కో స్టేషన్ బోర్డుకి 18 మంది శ్రోతల ప్రతినిధులు, 6గురు సిబ్బంది ప్రతినిధులు. మన రాజ్యసభ ఎన్నికల్లాగే ఇష్టక్రమంలో 1, 2, 3 అంకెలు వేయాలి. మూడు గంటల పనికి ఓటు అన్నది మాత్రం నాకు భలే నచ్చింది!

మన దగ్గర స్వచ్ఛంద సంస్థలకి కమ్యూనిటీ రేడియో దారి 2006లో తెరుచుకుంది. జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే ‘సంఘం రేడియో’ 2008లో మొదలైంది. నిర్వహణలో ఆ ప్రాంత ప్రజలు కనబడాలని ప్రభుత్వ నిబంధనలు చెబుతాయి. కానీ వినేవాళ్లకి ఓటుండాలని చెప్పవు.

పోనీ, పసిఫికాలో ఓటొచ్చాక అంతా సుఖమేనా? అబ్బే! అభిమాన సంఘాల్లో వర్గాలున్నట్టే బోర్డుల్లోనూ ముఠాలు. మీటింగులు అర్ధరాత్రి దాకా. అప్పులు పెరిగాయి. కింగ్‌కాంగ్ ఎక్కిన ఎంపైర్ స్టేట్ బిల్డింగు గుర్తుందా? న్యూయార్క్ స్టేషన్ యాంటెన్నా ఉండేది దాని మీదే. అద్దె బాకీ కట్టలేక కేసు ఓడిపోయారు. 2019 అక్టోబరులో ఫౌండేషనే ఆ స్టేషన్‌లోని స్థానిక కార్యక్రమాలు ఆపేసి సిబ్బందిని పంపేసింది. మళ్లీ కోర్టు, మళ్లీ గొడవ. నెల తిరిగేసరికి పాత గొంతులు తిరిగొచ్చాయి. ఈ ఎన్నికల తంతు మోయలేమంటూ కొందరు నిబంధనలే మార్చేద్దామన్నారు. 2020లో దానిమీద ఓటింగు పెడితే, ఓటర్లు కుదరదన్నారు.